డయల్‌టోన్... ఇంకా వినిపిస్తోంది!

సెల్‌ఫోన్ల కాలంలో రిసెప్షన్ వెనక గోడకు వేలాడే ఆ పాత డబ్బాను ఎవరు పట్టించుకుంటారు? అది మోగినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. మూగబోయిన రోజున మాత్రం అందరికీ అదే గుర్తొస్తుంది. కంపెనీలు వదిలేసిన ఆ చిన్న ఎక్స్ఛేంజీలను ఇంకా నడిపిస్తున్న చేతుల కథ ఇది.

అర్ధరాత్రి దాటి రెండయింది. నర్సింగ్‌హోమ్ మూడో అంతస్తు. మంచం మీద పెద్దాయన, పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న కోడలు. ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి సెలైన్ సీసా అడుగంటుతోంది. చప్పున గోడ పక్కనున్న ఫోన్ అందుకుని తొమ్మిది నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. అంతే. చేతిలో సెల్‌ఫోన్ ఉంది గానీ, అందులో డ్యూటీ నర్సు నంబరుంటే కదా! ఇక చేసేదేముంది, మెట్ల మీదుగా కిందికి పరుగు.

తెల్లవారగానే మేనేజరు ఫోన్ చేసేది ఒక్కరికే. 'అన్నా, మూడో ఫ్లోరు మొత్తం డెడ్. ఉన్నపళంగా రావాలి.'

ఫలానా ఊళ్లో ఫలానా ఆసుపత్రిలో జరిగిందని కాదు. ఈపీఏబీఎక్స్ అనే డబ్బా పాతబడిన ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. బస్టాండు ఎదుట లాడ్జి, సందు చివర నర్సింగ్‌హోమ్, రైస్‌మిల్లు ఆఫీసు, కల్యాణ మండపం, ఇరవై ఏళ్లనాటి అపార్ట్‌మెంట్... వీటిలో చాలాచోట్ల ఆ డబ్బాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిని తయారుచేసినవాళ్లు కొందరు దుకాణం కట్టేశారు. బిగించిన కంపెనీ బోర్డు కూడా ఊళ్లో కనిపించదు. అయినా గదిలోంచి తొమ్మిది నొక్కితే కింద రిసెప్షన్లో గంట మోగుతోందంటే అది ఊరికే మోగడం లేదు. ఎవరో దాన్ని మోగిస్తున్నారు.

ఇంతకీ ఏమిటా డబ్బా?

ఈపీఏబీఎక్స్ అంటే ఎలక్ట్రానిక్ ప్రైవేట్ ఆటోమేటిక్ బ్రాంచ్ ఎక్స్ఛేంజ్. పేరు చాంతాడంత ఉన్నా పని చిన్నదే. బయటి నుంచి వచ్చే రెండు మూడు టెలిఫోన్ లైన్లను లోపలున్న పాతికో యాభయ్యో ఫోన్లకు పంచిపెడుతుంది. లోపలి ఫోన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి పైసా ఖర్చుండదు. ఊరికి పెద్ద ఎక్స్ఛేంజీ ఎలాగో భవనానికి ఇది అలాగ.

మనిషి చెయ్యి తగలకుండా ఫోన్లు కలిపే యంత్రం పుట్టుక వెనక ఒక తమాషా కథ చెబుతారు. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఒకాయన ఉండేవాడు. అదే వ్యాపారం చేసే పోటీదారుడి భార్య టెలిఫోన్ ఆపరేటరట. తనకు రావాల్సిన కాల్స్ ఆమె తన భర్తకు మళ్లిస్తోందని స్ట్రోజర్‌కు అనుమానం. దాంతో అసలు ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజీని తయారుచేసి, 1891లో పేటెంటు సంపాదించాడు. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో అలాంటి మొదటి ఎక్స్ఛేంజీ మొదలైంది. ఆ అనుమానం నిజమో కాదో గానీ, ఫలితం మాత్రం ప్రపంచమంతా అనుభవించింది.

మన దేశంలో ఈ డబ్బాల కథ 1984తో మలుపు తిరిగింది. ఆ ఏడాది ఆగస్టులో శామ్ పిట్రోడా చొరవతో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, ఏసీ గదులు అక్కర్లేకుండా మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకునే గ్రామీణ ఎక్స్ఛేంజీని రూపొందించింది. అది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి పనిచేసింది. దానితో పాటే ఆఫీసులకు పనికొచ్చే 128 పోర్టుల పీబీఎక్స్‌నూ తయారుచేసి, దేశంలోని పలు కంపెనీలకు తయారీ లైసెన్సులిచ్చింది. ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని కూర్చునే రోజులవి. ఎట్టకేలకు ఒక లైను వస్తే, దాన్నే పదిమందీ వాడుకోవాలి. అందుకే తొంభైలలో ఈ డబ్బాలకు అంత గిరాకీ. 'గదిలో ఫోన్ సౌకర్యం కలదు' అని లాడ్జీలు బోర్డు మీద రాయించుకునేవి.

అప్పట్లో లాడ్జీకి ఇదో ఆదాయమార్గం కూడా. డబ్బా వెనకనుంచి ఒక తీగ కంప్యూటర్‌కి వెళ్లేది. ఏ గదివాళ్లు ఏ నంబరుకు ఎంతసేపు మాట్లాడారో ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ కాగితం మీద కక్కేది. ఖాళీ చేసేటప్పుడు గది అద్దెతో పాటు ఆ బిల్లూ కట్టాల్సిందే. ఇప్పుడా ప్రింటరూ లేదు, ఆ బిల్లూ లేదు. దేశంలో 2005 ప్రాంతంలో నాలుగు కోట్లు దాటిన ల్యాండ్‌లైన్లు, 2020 చివరికి రెండు కోట్ల దరిదాపులకు పడిపోయాయి. ఆ తర్వాత ఫైబర్ పుణ్యమా అని మళ్లీ కొంత పెరిగాయి. బయటి లైన్ల సంగతి ఎలా ఉన్నా, లోపలి ఫోన్ల అవసరం మాత్రం తీరలేదు. గదిలోని రోగికి నర్సు కావాలి. లాడ్జిలో దిగినవాళ్లకు వేణ్నీళ్లు కావాలి. అయిదో అంతస్తు బామ్మకు గేటు దగ్గరి వాచ్‌మన్ కావాలి.

ముందు ఫోన్ చూడు... తర్వాత తీగ

'ఎక్స్ఛేంజీ పోయింది' అని ఫోనొస్తే పాత మెకానిక్ ముందుగా ఎక్స్ఛేంజీ జోలికి వెళ్లడు. డబ్బా మూత తీయడం అతని దృష్టిలో ఆఖరి పని. ఎందుకంటే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం డబ్బాకు సంబంధించినవే కావు.

ఫోన్ మోగడం లేదా? తిరగేసి చూస్తే గంట శబ్దం పెంచి తగ్గించే మీట పూర్తిగా కిందికి జరిగి ఉంటుంది. నంబర్లు కలవడం లేదా? ఫోన్ అడుగున 'టి', 'పి' అని అక్షరాలున్న చిన్న మీట 'పి' వైపుకు జరిగిపోయి ఉంటుంది. 'టి' అంటే టోన్, 'పి' అంటే పల్స్. పల్స్ పాత చక్రం ఫోన్ల పద్ధతి. నొక్కిన అంకెకు సరిపడా 'టిక్ టిక్'మని లైను తెగి అతుక్కుంటుంది. 1963లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన టోన్ పద్ధతిలో ఒక్కో మీటకు రెండేసి స్వరాలు. అయిదు నొక్కితే 770, 1336 హెర్ట్‌జ్‌ల స్వరాలు రెండూ కలిసి పలుకుతాయి. డబ్బా ఆ జంటను విని 'ఓహో, అయిదు' అనుకుంటుంది. పల్స్‌లో పెట్టిన ఫోన్ నుంచి స్టార్, హ్యాష్ మీటలు నొక్కితే డబ్బాకు ఏమీ వినపడదు. పాపం, దాని తప్పేముంది?

ఇక లాడ్జీల్లో మరో రకం. గదిలో దిగిన కుటుంబంలోని పిల్లలు ఫోన్‌తో ఆడుకుంటూ ఏవేవో అంకెలు నొక్కేస్తారు. ఆ గది కాల్స్ పక్క గదికి మళ్లిపోతాయి. లేదంటే 'నన్ను కదిలించొద్దు' అన్న ఆజ్ఞ అమల్లోకి వస్తుంది. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా ఆ ఆజ్ఞ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. తర్వాత వచ్చినవాళ్ల ఫోన్ మోగదు. మెకానిక్ వచ్చి రద్దు చేసే కోడ్ కొట్టి అర నిమిషంలో బాగుచేస్తాడు. అర నిమిషం పనికి అంత డబ్బా అని మేనేజరు గొణుగుతాడు. ఏ కోడ్ కొట్టాలో తెలిసుండటమే ఆ పని అన్న సంగతి అతనికి అర్థమయ్యేలా చెప్పడం కష్టం.

ఫోన్ మంచిదే అని తేలితే అప్పుడు వంతు తీగది. పద్ధతి చాలా సులువు. బాగా పనిచేసే ఫోన్ ఒకటి సంచిలో ఉంటుంది. దాన్ని పట్టుకెళ్లి డబ్బా దగ్గరే, ఆ గది తీగను విప్పేసి, నేరుగా పోర్టుకు తగిలిస్తాడు. డయల్‌టోన్ వచ్చిందా, డబ్బా మంచిదే. రోగం దారిలో ఎక్కడో ఉంది. రాలేదా, రోగం డబ్బాలోనే. ఆ ఒక్క పరీక్షతో సగం భవనం వెతికే పని తప్పుతుంది. మిగిలిన సగాన్నీ ఇలాగే మధ్యకు విరుచుకుంటూ పోతాడు. అంతస్తు జంక్షన్ పెట్టె దగ్గర ఒకసారి, గదిలోని రోజెట్ దగ్గర ఒకసారి.

ఒక్క గది మూగబోతే తీగనో ఫోన్‌నో అనుమానించాలి. వరుస నంబర్లున్న ఎనిమిది గదులు ఒకేసారి మూగబోతే కార్డును అనుమానించాలి. చాలా డబ్బాల్లో ఒక్కో కార్డు ఎనిమిదేసి ఫోన్లనో పదహారేసి ఫోన్లనో చూసుకుంటుంది. వరుస నంబర్లు కాకుండా ఒక అంతస్తు మొత్తం పడుకుంటే అది కార్డు కాదు, ఆ అంతస్తుకు వెళ్లే కేబుల్. ఇవన్నీ మీటరు తీయకముందే, మేనేజరును రెండు ప్రశ్నలడిగి తేల్చుకునే సంగతులు.

మీటరు తీశాక మరికొన్ని తెలుస్తాయి. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు బయటి లైను మీద దాదాపు 48 వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. లోపలి లైన్ల మీద డబ్బాను బట్టి 24 నుంచి 48 దాకా. ఫోన్ ఎత్తగానే అది పది వోల్టుల లోపుకు పడిపోతుంది. ఎత్తకుండానే పడిపోయి ఉందంటే ఎక్కడో రెండు తీగలూ ఒకదానికొకటి తాకుతున్నట్టే. రంగులేసేవాళ్లు రోజెట్ మీద నిండా పూసిన సున్నం కావచ్చు. క్యాలెండర్ కోసం కొట్టిన మేకు కావచ్చు. ఎలుక పళ్లు కావచ్చు.

వానాకాలంలో వచ్చే రోగం వేరు. ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఎత్తితే ఎవరూ ఉండరు. దెయ్యం పట్టిందనుకుంటారు గానీ, పట్టింది చెమ్మ. గంట మోగించేటప్పుడు డబ్బా తీగలోకి 75 వోల్టుల ఏసీ కరెంటు పంపుతుంది. తీగలో చెమ్మ ఉంటే ఆ దారిలో కాస్త కరెంటు కారుతుంది. అది చూసి డబ్బా 'ఫోన్ ఎత్తేశారు కాబోలు' అనుకుని గంట ఆపేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంత పట్టణాల్లో చెమ్మకు ఉప్పు తోడవుతుంది. కనెక్షన్ల దగ్గర ఆకుపచ్చని చిలుము పట్టి మాటల్లో గరగర మొదలవుతుంది.

అన్నట్టు ఆ 75 వోల్టుల సంగతి పాత లైన్‌మన్లకు బాగా తెలుసు. తీగ చివర తొడుగు పళ్లతో లాగేసే అలవాటున్నవాళ్లకు మరీనూ! సరిగ్గా అదే క్షణంలో ఎవరో ఆ నంబరుకు ఫోన్ చేస్తే... ఆ దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ తీగను నోట్లో పెట్టరు.

అన్నింటికన్నా విసిగించేది పక్క గది మాటలు ఈ గదిలో వినిపించడం. టెలిఫోన్ కేబుల్‌లో తీగలు జంటలుగా మెలితిరిగి ఉంటాయి. తెలుపు-నీలం ఒక జంట, తెలుపు-నారింజ ఒక జంట, ఆ తర్వాత ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగు. రంగులు తెలియనివాళ్లెవరో నీలంలో ఒకటీ నారింజలో ఒకటీ తీసి కలిపేస్తే ఫోన్ పనిచేస్తుంది. కానీ మెలిక వల్ల వచ్చే రక్షణ పోతుంది. అలాంటి 'పెళ్లి' ఎప్పుడో పదేళ్ల కిందట జరిగిపోయి ఉంటుంది. దాన్ని వెతికి విడదీయడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది.

ఉరిమితే పీకెయ్!

తీగ కాదు, డబ్బాయే అని తేలినప్పుడు నూటికి తొంభై పాళ్లు చూడాల్సింది పవర్ సప్లై. రేయింబవళ్లు ఏళ్ల తరబడి వేడెక్కుతూ ఉండే కెపాసిటర్లు ఎండిపోతాయి. పైభాగం పూరీలా ఉబ్బితే చేయి పెట్టి చూడక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. అన్ని ఫోన్లలో ఒకేసారి 'గుయ్య్'మని శబ్దం, గంట బలహీనంగా మోగడం, అయిదారుగురు ఒకేసారి మాట్లాడితే డబ్బా ఆగి మళ్లీ మొదలవడం... ఇవన్నీ ఆ ఉబ్బిన కెపాసిటర్ల పనులే. వాటి ఖరీదు చాలా తక్కువ. ఆ నాలుగూ మార్చక, మొత్తం డబ్బానే పాత ఇనుముకు వేసినవాళ్లున్నారు.

పిడుగు మాత్రం అంత తేలిగ్గా వదలదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరిమిందంటే ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు రేపటి పని తెలిసిపోయినట్టే. పిడుగు నేరుగా భవనం మీద పడక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడినా, స్తంభాల మీదుగా వచ్చే పొడవాటి రాగి తీగలోకి ఒక్కసారిగా వోల్టేజీ ఎగదన్ని డబ్బాలోని లైన్ కార్డును మాడ్చేస్తుంది. ఆ పొంగును మళ్లించడానికి లోపల చిన్న రక్షక భాగాలుంటాయి. కానీ మళ్లించేది భూమిలోకే కదా! ఎర్త్ సరిగా లేకపోతే అవి ఉన్నా లేనట్టే.

పాత భవనాల్లో ఎర్త్ పరిస్థితి చెప్పుకోకపోవడమే మంచిది. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంతలో ఏళ్లుగా చుక్క నీళ్లు పోసినవాళ్లుండరు. కొన్నిచోట్ల ఎర్త్ తీగ గోడలోకి వెళ్తుంది, ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లదు. ఎర్త్ వేయించమంటే 'ఫోన్లకు ఎర్త్ ఎందుకయ్యా' అంటారు యజమానులు. కార్డు మాడాక కొత్తదాని కోసం ఊళ్లు తిరిగేదీ వాళ్లే. అందుకే కొన్ని లాడ్జీల్లో రిసెప్షనిస్టుకు మెకానిక్ నేర్పిపెట్టిన విద్య ఒకటే. ఉరిమితే బయటి లైన్ల పిన్నులు పీకెయ్, వాన వెలిశాక పెట్టెయ్. మొరటు పద్ధతే అయినా, పీకేసిన తీగ గుండా ఏ పిడుగూ రాలేదు.

సున్నా తెచ్చిన తంటా

2021 జనవరి మూడో వారంలో పాత డబ్బాలు చూసుకునేవాళ్లకు ఊపిరాడలేదు. ఏ ఒక్క డబ్బా చెడిపోలేదు, ఏ తీగా తెగలేదు. అయినా ఆఫీసుల్లోంచి, ఆసుపత్రుల్లోంచి సెల్‌ఫోన్లకు కాల్స్ వెళ్లడం ఆగిపోయింది.

కారణం ఒక సున్నా. ఆ నెల 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు ఫోన్ చేయాలంటే ముందు సున్నా చేర్చాలని టెలికం శాఖ నిబంధన తెచ్చింది. భవిష్యత్తు అవసరాలకు 254 కోట్లకు పైగా కొత్త నంబర్లు అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లకు అదో చిన్న మార్పు. డబ్బా వెనకున్నవాళ్లకు మాత్రం చిక్కు ముడి.

ఎందుకంటే చాలా డబ్బాల్లో సున్నా అంటే 'బయటి లైను ఇవ్వు' అని అర్థం. కాబట్టి ఇప్పుడు రెండు సున్నాలు కొట్టాలి. అది చెప్పి ఒప్పించొచ్చు. అసలు గొడవ తాళం దగ్గర వచ్చింది. ఎస్టీడీ కాల్ అంటే నిమిషానికి ఇంత అని గుండెలు బాదుకున్న రోజుల్లో ప్రతి యజమానీ 'సున్నాతో మొదలయ్యే నంబర్లు ఏవీ వెళ్లకూడదు' అని డబ్బాకు తాళం వేయించాడు. ఆ తాళం సంగతి అందరూ మరిచిపోయారు. డబ్బా మాత్రం మరిచిపోలేదు. సున్నాతో మొదలైన మొబైల్ నంబరును కూడా ఎస్టీడీ కింద జమకట్టి అడ్డుకుంది.

సరే, సున్నా తర్వాత తొమ్మిదో ఎనిమిదో ఉంటే వదిలేయమని చెబుదామంటే అక్కడ మరో చిక్కు. మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. మన ఎస్టీడీ కోడ్లు చూస్తే విజయవాడ 0866, విశాఖ 0891. రెండంకెలు మాత్రమే చూసి తీర్పు చెప్పే పాత డబ్బాకు, 08 తర్వాత వచ్చేది విజయవాడో ఎవరి సెల్‌ఫోనో ఎలా తెలుస్తుంది? చివరికి ఎక్కువమంది తాళమే తీసేయించారు. నెలకు ఇంత అని కట్టేసి ఎంతసేపైనా మాట్లాడుకునే కాలంలో ఎస్టీడీ తాళం దేనికని ఎవరూ అప్పటిదాకా ఆలోచించకపోవడమే వింత.

కానీ తాళం తీయాలంటే డబ్బా ప్రోగ్రాంలోకి వెళ్లాలి. వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది పెట్టినాయన ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? కొన్నిచోట్ల కంపెనీ ఇచ్చిన 1234 అలాగే ఉండి పని నడిచిపోయింది. ఆ సమయానికి అది కలిసొచ్చింది గానీ, నిజానికి అది ప్రమాదం. బయటినుంచి ఫోన్ చేసి లోపలి లైను మీదుగా మళ్లీ బయటికి మాట్లాడే సౌకర్యమున్న డబ్బాల్లో పాస్‌వర్డ్ మార్చకపోతే, ఎవరో విదేశాలకు మాట్లాడిన బిల్లు మనం కట్టాల్సి రావచ్చు. ఇలాంటి మోసాలు ప్రపంచమంతటా జరుగుతున్నవే.

రాగి పోయి గాజు వచ్చాక...

పాత డబ్బాకు ఇప్పుడు ఎదురవుతున్న పెద్ద పరీక్ష బయటి లైనే. రాగి తీగల స్థానంలో ఫైబర్ వచ్చేసింది. ఫైబర్ నేరుగా డబ్బాకు తగిలించలేరు. మధ్యలో ఒక చిన్న పెట్టె పెడతారు. దాని వెనక ఫోన్ పిన్ను పట్టే రంధ్రం ఉంటుంది. అందులోంచి తీగ తెచ్చి పాత డబ్బాకు ఇస్తే సరిపోతుంది. డయల్‌టోన్ వినిపిస్తుంది, కాల్ కలుస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. పది రోజుల తర్వాత తెలుస్తాయి తేడాలు.

రాగి లైనుకు కరెంటు ఊరి ఎక్స్ఛేంజీలోని పెద్ద బ్యాటరీల నుంచి వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. కొత్త పెట్టెకు కరెంటు మనమే ఇవ్వాలి. పాత డబ్బాకు బ్యాటరీ ఉంటుంది, ఈ పెట్టెకు ఉండదు. కరెంటు పోతే లోపలి ఫోన్లు పలుకుతుంటాయి, బయటికి మాత్రం దారి మూసుకుపోతుంది. దీనికి మందు సులువే, పెట్టెను కూడా అదే యూపీఎస్ మీద పెట్టడం. చిత్రమేమిటంటే కంప్యూటర్‌కు, సీసీ కెమెరాలకు యూపీఎస్ ఇచ్చినవాళ్లు కూడా దీన్ని మరిచిపోతారు.

రెండోది లైను 'ఇరుక్కుపోవడం'. 'స్వాగతం, ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కండి' అని యంత్రమే పలికే చోట్ల, అవతలివాళ్లు పెట్టేశారని డబ్బా ఎలా గ్రహిస్తుంది? ఎంగేజ్ టోన్ విని. మన దేశపు ఎంగేజ్ టోన్ 400 హెర్ట్‌జ్ స్వరం. ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ఆ లయ డబ్బాకు కంఠతా వచ్చు. కొత్త పెట్టె అదే టోన్‌ను కాస్త వేరే స్వరంలో, వేరే లయలో వినిపించిందనుకోండి, డబ్బా గుర్తుపట్టదు. ఎవరూ లేని లైనును పట్టుకుని కూర్చుంటుంది. బయటివాళ్లకు రోజంతా ఎంగేజే. కాలర్ ఐడీ కూడా అంతే. నంబరును పంపే పద్ధతులు రెండున్నాయి. పెట్టె ఒక పద్ధతిలో పంపి, డబ్బా మరో పద్ధతిలో ఎదురుచూస్తుంటే నంబరు కనిపించదు. మొగుడూ పెళ్లాల్లో ఒకరు తమిళం, ఒకరు తెలుగు మాట్లాడుకున్నట్టు! రెండింట్లో ఏదో ఒకదాని సెట్టింగు మార్చి రాజీ కుదర్చాలి.

మూతలో చీటీ

యంత్రం విషయంలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. డబ్బాలోని విడి భాగాలకన్నా అందులోని ప్రోగ్రాం విలువైనది. ఏ గదికి ఏ నంబరు, తొమ్మిది నొక్కితే ఎక్కడ మోగాలి, రాత్రిపూట వచ్చే కాల్స్ ఎవరికెళ్లాలి... ఇదంతా ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చిన లెక్క. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది నీరసించినా, కరెంటు ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియదు. ఒకరోజు కరెంటు పోయి, పెద్ద బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే, మళ్లీ లేచేసరికి డబ్బాకు గతం గుర్తుండదు. 305 గది కాస్తా 21 అయిపోతుంది. తొమ్మిది నొక్కితే క్యాంటీన్‌లో మోగుతుంది.

పాతరకం బ్యాటరీలకు ఇంకో అవలక్షణం. కారిపోయి కిందున్న సర్క్యూట్ బోర్డు రాగి గీతలను తినేస్తాయి. కాబట్టి అది కారకముందే మార్చాలి, మార్చేముందు ప్రోగ్రాం మొత్తం ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. మంచి మెకానిక్‌ను గుర్తుపట్టాలంటే డబ్బా మూత తీసి చూస్తే చాలు. లోపల ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన చీటీ ఉంటుంది. ఏ జంట ఏ గదికి, ఏ కోడ్ దేనికి, బ్యాటరీ ఎప్పుడు మార్చిందీ... అన్నీ అందులో. ఆ చీటీ లేని డబ్బా, వీలునామా రాయకుండా పోయిన పెద్దమనిషి ఆస్తిలాంటిది. తర్వాతివాళ్లు కొట్టుకుచావాల్సిందే.

కొన్ని డబ్బాలకు ప్రోగ్రాం రాయాలంటే పాత తరహా సీరియల్ పోర్టున్న కంప్యూటర్, పాత విండోస్ కావాలి. అందుకే ఈ పనిచేసేవాళ్లు ముసలి ల్యాప్‌టాప్‌ను ఒకదాన్ని కన్నబిడ్డలా సాకుతుంటారు. దాంట్లో ఇంకేమీ చేయరు, ఎవరినీ ముట్టుకోనివ్వరు.

విడి భాగాల వేట మరో కథ. 2009లో కెనడాకు చెందిన నోర్టెల్ దివాలా తీసింది. చిన్న ఆఫీసుల్లో బాగా కనిపించే ఎక్స్ఛేంజీలు తయారుచేసిన పానసోనిక్ కూడా ఆ వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్టు 2022లో ప్రకటించింది. వడోదరలోని మ్యాట్రిక్స్ లాంటి దేశీయ సంస్థలు ఇంకా ఈ రంగంలో ఉన్నా, పాతికేళ్ల కిందటి కార్డు కావాలంటే కొత్తది దొరకడం కష్టం. కెపాసిటర్లు, రిలేలు అయితే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతాయి. కార్డులకు మాత్రం చచ్చిన డబ్బాలే దిక్కు. ఎక్కడైనా ఆఫీసు మూతపడి పాత ఎక్స్ఛేంజీ తీసేస్తున్నారని తెలిస్తే చాలు, మెకానిక్ అక్కడ వాలిపోతాడు. పిడుగుకు మాడిన డబ్బాలో పవర్ సప్లై బాగుండొచ్చు. పవర్ పోయినదాంట్లో కార్డులు బాగుండొచ్చు. మూడు చచ్చినవాటి నుంచి ఒకటి లేస్తుంది.

మరి కొత్తది పెట్టేసుకోవచ్చుగా?

న్యాయమైన ప్రశ్నే. కొత్త తరహా ఇంటర్నెట్ ఫోన్లకు చాలా సుగుణాలున్నాయి. కానీ నలభై గదుల పాత భవనంలో గోడల్లో పూడ్చిన తీగలు రెండేసి పోగుల టెలిఫోన్ తీగలు. కొత్త ఫోన్లకు మామూలుగా వేరే కేబుల్ కావాలి. గదిగదికీ గోడలు తవ్వాలి, రంగులు మళ్లీ వేయాలి, అన్నాళ్లు గదులు ఖాళీగా ఉంచాలి. పైగా పాత డబ్బాకు ఏ దుకాణంలో దొరికే మామూలు ఫోనైనా సరిపోతుంది. రోగి బంధువు చేతిలోంచి జారిపడి పగిలినా పెద్ద నష్టం లేదు. మధ్యేమార్గమూ ఉంది. డబ్బాను మాత్రం మార్చి, మారకం యంత్రాల ద్వారా పాత తీగలూ పాత ఫోన్లూ అలాగే వాడుకోవచ్చు. కాస్త ఖర్చయినా చాలాచోట్ల ఇదే తెలివైన దారి.

అలాగని ప్రతి పాత డబ్బానూ ఈడ్చుకుంటూ పోవాలని కాదు. లాడ్జిలో ఫోన్ ఒకపూట పలకకపోతే టీ ఆలస్యమవుతుంది, అంతే. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల ఫోన్, ఐసీయూ నుంచి డాక్టరు గదికి వెళ్లే ఫోన్ అలాంటివి కావు. అలమరలో మారుకార్డు లేకుండా, నెలకోసారైనా ప్రతి ఫోన్‌నూ ఎత్తి పరీక్షించకుండా పాత డబ్బా మీద ప్రాణాలు పెట్టడం పొదుపు అనిపించుకోదు. అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా ఏడాదికోసారి లిఫ్టు ఫోన్ ఎత్తి చూసిన పాపాన పోవు.

సెల్‌ఫోన్లున్నాయి కదా అనేవాళ్లకు 2014 అక్టోబరు 12 గుర్తుండాలి. ఆరోజు హుద్‌హుద్ తుపాను విశాఖను చీల్చి చెండాడింది. కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి. చేతిలో ఎంత ఖరీదైన సెల్‌ఫోన్ ఉన్నా పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు మాట అందని పరిస్థితి అది. భవనంలోపలి ఎక్స్ఛేంజీకి టవరుతో పని లేదు. బ్యాటరీ బాగుండాలి, తీగలు బాగుండాలి, అంతే.

ఇక ఆ నర్సింగ్‌హోమ్ దగ్గరికొస్తే, మెకానిక్ వచ్చాడు. డబ్బా దగ్గర తన ఫోన్ తగిలిస్తే డయల్‌టోన్ శుభ్రంగా ఉంది. నంబర్లు వరుసవి కావు, కాబట్టి కార్డు కాదు. మూడో అంతస్తు జంక్షన్ పెట్టె తెరిచాడు. లోపల నీళ్లు! కొత్తగా బిగించిన ఏసీ నీటిగొట్టం సరిగ్గా దాని నెత్తిమీద కారుతోంది. గొట్టం పక్కకు జరిపించి, తడిసిన కొసలు కత్తిరించి, ఒక్కో జంటనూ కొత్తగా అతికేసరికి మధ్యాహ్నమైంది. పెద్దాయన గదిలోకి వెళ్లి ఫోన్ ఎత్తి తొమ్మిది నొక్కాడు.

'హలో, రిసెప్షన్!'

'నేనేనమ్మా, మూడో ఫ్లోరు నుంచి. బాగా వినిపిస్తోందా?'

'వినిపిస్తోందన్నా. గరగర కూడా లేదు.'

'అయితే పెట్టెయ్. పక్క గది నుంచి చేస్తా.'